రబ్బరు అరిగిన సంగతి

యాప్రాల్‌లో మేముండే అపార్ట్‌మెంట్‌లో కింద, జనరేటర్ గది పక్కన, ఒక హాలు ఉంది. ఫ్లాట్లు అమ్మేటప్పుడు బిల్డరు దాన్ని క్లబ్ హౌస్ అన్నాడు. అందులో ఒక టేబుల్ టెన్నిస్ బల్ల, గోడకు ఆనించిన క్యారమ్ బోర్డు, ఎవరూ ఎక్కని వ్యాయామం సైకిలు ఉన్నాయి. అమ్మాయి చదువుకని వరంగల్ హాస్టల్‌కు వెళ్ళాక మాకు పొద్దునపూట తీరిక దొరికింది. నేను, మా ఆవిడ ఆరింటికి ఆ హాల్లోకి దిగి, స్కూలు బస్సుల హారన్లు మొదలయ్యేదాకా ఆడేవాళ్ళం.

ఆట నాకు చిన్నప్పటిది. మాది బన్సీలాల్‌పేట్. నాన్న రైల్వేలో పనిచేసేవాడు కాబట్టి రైల్వే వాళ్ళ హాల్లోకి మమ్మల్ని రానిచ్చేవాళ్ళు. బంతిని కింది నుంచి పైకి రాసినట్టు కొట్టడం నాకు అక్కడే పట్టుబడింది. అలా కొడితే బంతి తిరుగుతూ పోయి, అవతలి వైపు పడగానే ముందుకు దూకుతుంది. చూసేవాళ్ళకు బాగుంటుంది, ఎదుర్కొనేవాళ్ళకు కష్టం. నాకు తెలిసిన విద్య అదొక్కటే. కాలేజీ అయ్యాక ఉద్యోగం, పెళ్ళి, ఇల్లు అంటూ చాలా ఏళ్ళు బ్యాట్ ముట్టలేదు. ఈ అపార్ట్‌మెంట్‌కు వచ్చాకే మళ్ళీ ఒకటి కొనుక్కున్నాను.

మా ఆవిడది తెనాలి. పెళ్ళయి సికింద్రాబాద్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. స్కూల్లో సైన్స్ చెబుతుంది. షుగరు వచ్చేలా ఉంది, రోజూ నడవమని డాక్టరు చెబితే, కొన్నాళ్ళు అపార్ట్‌మెంట్ చుట్టూ నడిచింది. గానుగెద్దులా తిరగడం తన వల్ల కాదని మానేసి, నేనాడే చోటుకు వచ్చి కూర్చునేది. అప్పట్లో నేను ఐదో అంతస్తులో ఉండే రిటైరైన పెద్దాయనతో ఆడేవాణ్ణి. అందరూ ఆయన్ను సార్ అంటారు. ఒకరోజు సార్ రాకపోతే, మా ఆవిడ లేచి, ఆయన హాల్లోనే ఉంచే బ్యాట్ తీసుకుంది.

నేర్పింది నేనే. తిరుగుతూ వచ్చే బంతికి బ్యాట్‌ను ముందుకు వంచి అడ్డం పెట్టాలని, వంచకపోతే బంతి పైకప్పుకు పోతుందని చెప్పాను. ఆమె చెప్పింది చెప్పినట్టు చేసేది. కొట్టడం ఆమెకు ఇష్టం లేదు. అడ్డం పెట్టి తిప్పి పంపడమే ఇష్టం. రెండేళ్ళు ఆడినా ఒక్కసారి గెలవలేదు. దాని గురించి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. నేను గెలవడం, ఆమె ఓడిపోవడం, పైకొచ్చి కాఫీ తాగడం, అంతా ఒకే పనిలా సాగేది.

పోయినేడాది ఆ వరస మారింది. ముందు నా బంతులు నెట్‌కు తగలడం మొదలైంది. అదే ఊపు, అదే చేయి, కానీ బంతి నెట్ పైఅంచుకు తగిలి నా వైపే పడేది. ఇంకాస్త పైకి లాగి కొట్టడం అలవాటు చేసుకున్నాను. అప్పుడు నెట్ దాటేది కానీ, దాటాక దూకేది కాదు. మామూలు బంతిలా వెళ్ళి ఆమె బ్యాట్‌కు తగిలి, నేను లేని మూలకు వచ్చి పడేది. దసరా వెళ్ళిన మర్నాడు మొదటిసారి ఓడిపోయాను. ఆ రోజు నిద్ర చాలలేదనుకున్నాను. దీపావళికల్లా ఓడిపోవడం మామూలైపోయింది.

నేను కారణాలు వెతికాను. నా ఉద్యోగమే అలాంటిది. బీమా కంపెనీ తరఫున దెబ్బతిన్న కార్లను చూసి, ఏది ప్రమాదంలో విరిగింది, ఏది అంతకుముందే అరిగిపోయింది అని తేల్చే పని. ముందు కళ్ళజోడు మీద అనుమానం వచ్చి అద్దాలు మార్పించాను. బంతులు నాసిరకం అనుకుని వేరేవి తెప్పించాను. ట్యూబ్‌లైటు కొత్తది వేయమని అసోసియేషన్‌కు చెప్పాను. తర్వాత భుజం నొప్పి మొదలైంది. అప్పుడు సంగతి అర్థమైందనుకున్నాను. యాభై దాటిన భుజం, అంతే. ఫిజియోథెరపీకి వెళితే అక్కడి అమ్మాయి ఒక సాగే పట్టీ ఇచ్చి, తలుపు గడియకు కట్టి లాగమంది. రోజూ లాగాను. భుజం నొప్పి కాస్త తగ్గింది. ఆట మారలేదు.

బ్యాట్‌ను నేను అనుమానించలేదు. చిన్నప్పుడు మాకు బ్యాట్ చెక్క మీద అతికించే రబ్బరు సంగతి తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉండేది. రబ్బరు మీద నోటితో ఆవిరి పట్టి, బంతిని అదిమి, బ్యాట్ తిరగేయాలి. బంతి రాలిపోకుండా కాసేపు అంటుకుని ఉంటే రబ్బరు బతికున్నట్టు. నేను కొత్తగా కొన్న బ్యాట్ వేరే రకం. కొన్న రోజే బంతిని అంటించుకోలేదు, కానీ ఆట బాగుండేది. అందుకని ఆ పరీక్ష దీనికి పనికిరాదని వదిలేశాను. దాని బదులు ఇంకో పరీక్ష ఏదీ పెట్టుకోలేదు. రోజూ పట్టుకునే వస్తువు కొంచెం కొంచెంగా మారుతుంటే చెయ్యి దానికి తగ్గట్టు సర్దుకుపోతుంది. మారిందని మనకు చెప్పదు.

మా ఆవిడ మాత్రం ఆ నెలల్లో వేరే మనిషిలా ఉండేది. అలారం మోగకముందే లేచి బూట్లు వేసుకునేది. తెనాలిలో ఉన్న వాళ్ళక్కకు ఫోన్ చేసి, ఇవాళ కూడా నేనే గెలిచానని చెప్పడం వంటగదిలోంచి వినిపించేది. ఆమె బాగా నేర్చుకుందని నేను నిజంగానే అనుకున్నాను. ఆఫీసులో కూడా చెప్పాను.

జనవరి ఇరవై ఆరున జెండా ఎగరేశాక మా అపార్ట్‌మెంట్‌లో పోటీలు పెడతారు. ఆడేవాళ్ళు తక్కువ కాబట్టి ఆడవాళ్ళకు, మగవాళ్ళకు కలిపి ఒకటే పోటీ. సెమీఫైనల్లో నేను, మా ఆవిడ ఎదురుపడ్డాం. సార్ అంపైరు. ఇంట్ల పంచాయితి ఇక్కడ తెంపుకుంటున్నరా అని ఆయన అంటే అందరూ నవ్వారు. నేను భుజానికి పట్టీ వేసుకుని ఆడాను. ఆమె నా మీద వరసగా మూడు గేములు గెలిచింది. చివరి బంతి నేనే నెట్‌కు కొట్టాను. వచ్చి చేయి కలిపింది. ఆమె అరచేయి చల్లగా ఉంది. ఫైనల్లో సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడి చేతిలో ఓడిపోయింది. దాన్ని ఆమె పెద్దగా పట్టించుకోలేదు. రన్నరప్ కప్పు టీవీ పక్కన పెట్టింది.

ఆ తర్వాతి ఆదివారం కూరగాయలకు మోండా మార్కెట్‌కు వెళ్ళాం. నెలకోసారి వెళతాం. సంచులు నిండాక నేను కారు వైపు నడుస్తుంటే ఆమె ఆగింది. ఇక్కడే సందులో ఆటసామాన్ల కొట్టు ఉంది కదా, అటు వెళ్దాం అంది.

“ఎందుకు?” అన్నాను.

“మీ బ్యాట్‌కి రబ్బరు మార్పించాలి. అది పోయింది. బ్యాట్ కారులో పెట్టాను.”

“పోయిందని ఎవరు చెప్పిన్రు నీకు?”

“ఎవరూ చెప్పలేదు. నాకే తెలుసు.”

“ఎప్పటి సంది?”

ఆమె కొత్తిమీర కట్ట నలగకుండా సంచిలో పైకి జరుపుతూ, “దసరా నుంచి” అంది.

నేను సంచులు కింద పెట్టాను. వెనక ఉల్లిగడ్డల బండివాడు దారి ఇవ్వమంటే, ఇద్దరం గోడ వైపు జరిగి నిలబడ్డాం. ఆమె అక్కడే చెప్పింది. దసరా రోజు ఆయుధపూజకు కారుతో పాటు మా బ్యాట్‌లు కూడా పూజలో పెట్టాం. అంతకుముందు తడిబట్టతో తుడిచింది ఆమే. కొత్తలో తుడిచేటప్పుడు రబ్బరు బట్టను పట్టుకునేదట, లాగాల్సి వచ్చేదట. ఆ రోజు గాజు మీద జారినట్టు జారిపోయింది. వెలుతురులో పెట్టి చూస్తే మధ్యలో మెరుపు పోయి, పాత చొక్కా మోచేతి దగ్గర ఉన్నట్టు వెలిసిపోయి ఉంది. అంచులో గోరు పెడితే పొడి రాలింది. అంతకు కొన్ని వారాల ముందు నుంచే నా బంతికి ఆమె బ్యాట్ వంచడం మానేసింది. వంచాల్సిన పని లేకపోయింది. ఎందుకని అప్పటిదాకా ఆమెకు తెలియలేదు. బ్యాట్ తుడిచినప్పుడు తెలిసింది.

“అప్పుడే చెప్పొచ్చు గద” అన్నాను.

“చెప్దామనే అనుకున్నానండి. మర్నాడు పొద్దున ఆడాం. మొదటిసారి గెలిచాను.” కింద పెట్టిన సంచిని గోడకు ఆనించింది. “ఇంకొన్నాళ్ళు చూద్దాం అనిపించింది.”

“భుజం నొప్పని నేను తిరుగుతుంటే సుత చెప్పలే.”

“రోజంతా టైర్లు చూసి వచ్చే మనిషి. ఇవాళ కాకపోతే రేపు మీకే తెలుస్తుంది అనుకున్నాను. మీరేమో ట్యూబ్‌లైటు మార్పించారు.”

నాకు ముందు కలిగింది ఊరట. భుజం బాగానే ఉంది, కళ్ళు బాగానే ఉన్నాయి. నేను ముసలివాణ్ణి కాలేదు, రబ్బరు అయింది. ఆ తర్వాత కోపం వచ్చింది. పోటీలో అందరి ముందు ఓడిపోయినందుకు కాదు. ఓడిపోయాక ఆమె ఆటను మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాను. ఆ మెచ్చుకోలు ఆమె తీసుకుంది.

“గెలిచింది నువ్వు కాదు, నా రబ్బర్ పోయి గెలిచినవ్. అది నీకు తెల్సు” అన్నాను.

“కొంత రబ్బరు. కొంత నేను” అంది. “ఏది ఎంతో నాకూ తెలియదు. తెలుసుకోవాలని ఉంది. అందుకే మార్పిద్దాం అంటున్నాను.”

కారులోంచి బ్యాట్ తీసుకుని కొట్టుకు వెళ్ళాం. కొట్టాయన బ్యాట్ తీసుకుని అంచు దగ్గర పట్టి పాత రబ్బరు లాగాడు. ఒక్కముక్కగా రాలేదు. లోపలి స్పాంజి తునకలు తునకలుగా చెక్కకు అంటుకుపోయింది. వాటిని బొటనవేలితో దొర్లించి తీశాడు. గదే రకం ఎయ్యాల్నా అని అడిగాడు. నేను అదే వేయమన్నాను. జిగురు రాసి, ఆరనిచ్చి, కొత్త రబ్బరు పరిచి, గుండ్రటి గొట్టంతో అదిమాడు. తర్వాత బ్లేడుతో చెక్క అంచు వెంట కోశాడు. కోసిన ముక్కలు బల్ల మీద ఎర్రటి తొక్కల్లా పడ్డాయి. మా ఆవిడ అంతా దగ్గరుండి చూసింది.

మర్నాడు ఆమె ఇంకా తేలిగ్గా గెలిచింది. నేను కొట్టిన ప్రతి బంతీ బల్ల దాటి వెళ్ళి ఆ వ్యాయామం సైకిలు మీద పడింది. చచ్చిన రబ్బరుతో నెట్ దాటించడానికి నెలల తరబడి పైకి లాగడం నేర్చుకుంది నా చెయ్యి. కొత్త రబ్బరుకు అంత లాగుడు అక్కర్లేదు. ఇది తెలుసు కదా అని చెయ్యి ఆగదు. ఆ ఊపు మరిచిపోవడానికి శివరాత్రి వెళ్ళేదాకా పట్టింది. ఆ రోజుల్లో ఆమె బంతులు ఏరి తెచ్చి ఇచ్చేది.

తర్వాత నా ఆట వచ్చేసింది. బంతి మళ్ళీ తిరిగింది, పడి దూకింది. ఆమె బ్యాట్‌కు తగిలిన బంతి పైకి లేచి ట్యూబ్‌లైటుకు తగిలింది. బ్యాట్ వంచమని గుర్తు చేశాను. వంచింది. అప్పుడు బంతి నెట్‌కు తగిలింది. రెండేళ్ళు నేర్చుకున్న ఆ వంపు, నాలుగు నెలలు అవసరం లేక ఆమె చేతిలోంచి జారిపోయింది. వారం తిరక్కుండానే పాత వరస వచ్చింది. నేను గెలవడం, ఆమె ఓడిపోవడం, పైకొచ్చి కాఫీ.

మార్చిలో స్కూల్లో పరీక్షలని రావడం తగ్గించింది. పరీక్షలు అయ్యాక కూడా రాలేదు. నేను సార్‌తో ఆడాను. ఆయన రాని రోజు సర్వీసులు కొట్టుకుని పైకి వచ్చేవాణ్ణి. ఆమె మళ్ళీ అపార్ట్‌మెంట్ చుట్టూ నడవడం కిటికీలోంచి కనిపించేది. ఒకరోజు పొద్దున బియ్యం కడుగుతూ, నేను అడగకుండానే చెప్పింది.

“లెక్క తేలిందండి. ఎక్కువ రబ్బరుదే.”

నేను ఏదో సర్దిచెప్పబోయాను. జెర ఓపిక పట్టు, నెలరోజుల్ల మళ్ళ చేతికొస్తది అన్నాను.

“వస్తుంది. వచ్చినా మీ బంతికి తగ్గట్టు వంగడమే కదా” అంది. “ఆ నాలుగు నెలలూ నేను నా ఇష్టం వచ్చినట్టు ఆడాను. బంతి ఎటు పంపాలా అని ఆలోచించాను. మీది ఎలా తిరుగుతోందా అని కాదు. ఆడితే అలా ఆడాలని ఉంది.”

ఆమె గొంతులో ఫిర్యాదు లేదు. క్లాసులో ప్రయోగం ఫలితం చెప్పినట్టు చెప్పి, గిన్నె పొయ్యి మీద పెట్టింది. నా కోపం పోయిందని అప్పుడు గమనించాను. ఎప్పుడు పోయిందో తెలియదు.

ఏప్రిల్లో ఒక శనివారం స్కూలు నుంచి ఆలస్యంగా వచ్చింది. మర్నాడు పొద్దున, చాలా రోజుల తర్వాత, బూట్లు వేసుకుని నాతో దిగింది. సంచిలోంచి కొత్త బ్యాట్ తీసింది. ఒకవైపు మామూలు రబ్బరు. రెండో వైపు నల్లటి బుడిపెలు, దువ్వెన పళ్ళలా పొడుగ్గా, మెత్తగా ఉన్నాయి. ఆ కొట్టుకు ఒక్కతే వెళ్ళిందట. మా ఆయన బంతి బాగా తిరుగుతుంది, ఆ తిరుగుడు నాకు అంటకూడదు, అలాంటిది ఏదైనా ఉందా అని అడిగిందట. ఉందని ఆయన ఇది ఇచ్చాడు.

మొదటి బంతి నా ఊపు కొద్దీ కొట్టాను. ఆమె వంచలేదు, నిలువుగా పెట్టింది. బంతి తేలుతున్నట్టు నెమ్మదిగా తిరిగి వచ్చింది. మళ్ళీ కొట్టాను. నెట్ అడుగుకు పోయింది. నేనిచ్చిన తిరుగుడే నాకు ఎదురు తిరిగి వస్తోందని నాకు అర్థమయ్యేసరికి ఆ గేము అయిపోయింది. నేను బ్యాట్ అడిగి తీసుకుని ఆ బుడిపెల మీద వేలితో రాసి చూశాను.

“దీంతో ఆడుడు కష్టం. ఎటు పోతదో నీకు సుత తెల్వది” అన్నాను.

“సగం బంతులు తెలియడం లేదు. నేర్చుకుంటాను” అంది.

నేర్చుకుంది. ఇప్పుడు ఎవరు గెలుస్తారో పొద్దున లేచేటప్పుడు తెలియదు. నేను గట్టిగా కొట్టడం తగ్గించి, మధ్యలో మెత్తగా వేయడం అలవాటు చేసుకున్నాను. సార్‌కు ఆ బ్యాట్ నచ్చలేదు. గా బ్యాట్‌తోని నేను ఆడనమ్మా అని ఆమెకే చెప్పాడు. అది రూల్స్‌లో ఉందని ఆమె ఫోన్‌లో చూపించింది. ఆయన చూసి, ఉండనీ, నేనైతే ఆడను అన్నాడు.

ఒక ఇబ్బంది మాత్రం వచ్చింది. బుడిపెలకు నా తిరుగుడు తెలియదు కాబట్టి, నా రబ్బరు అరిగిందో లేదో ఇప్పుడు ఆమె చేతికీ తెలియదు. అందుకని నెలకోసారి ఆమె బ్యాట్ తిప్పి మామూలు వైపుతో కాసేపు ఆడుతుంది. బంతి పైకి లేస్తే నా రబ్బరు బాగున్నట్టు. లేవకపోతే మార్చాలి. దానితో పాటు నేను కూడా చూసుకుంటాను. తడిబట్ట పట్టుకుంటోందా జారుతోందా, నడిమధ్య వెలిసిందా, కొట్టినప్పుడు చప్పుడు గట్టిగా వస్తోందా, అట్ట మీద కొట్టినట్టు వస్తోందా. మొన్న వానాకాలంలో చప్పుడు మారిందని నాకు అనుమానం వచ్చింది. అడిగాను. ఆమె బ్యాట్ తిప్పి ఆడింది. బంతులు లేచి పైకప్పు వైపు వెళ్ళాయి. బాగానే ఉందండి, అనవసరంగా మార్చకండి అంది. ఆమె మాట మీద వదిలేసి, దసరా ముందు మళ్ళీ అడిగాను. ఈసారి రెండు బంతులు ఆడి, తల అడ్డంగా ఊపింది. ఆ వారమే మార్పించాను. చెయ్యి సర్దుకోవడానికి ఈసారి ఎక్కువ రోజులు పట్టలేదు.

క్రితం నెల సైనిక్‌పురి వైపు ఒక కాలనీ వాళ్ళు పోటీలు పెడితే, ఇద్దరం కలిసి మిక్స్‌డ్ డబుల్స్‌లో పేరిచ్చాం. మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయాం. అవతల ఉన్నది అన్నాచెల్లెళ్ళు, కాలేజీ పిల్లలు. వాళ్ళు సర్వీసు చేస్తే బంతి ఎటు వస్తుందో మా ఇద్దరిలో ఎవరికీ అందలేదు. బుడిపెలూ పనిచేయలేదు, నా కొత్త రబ్బరూ పనిచేయలేదు. బయటికొచ్చి బండి దగ్గర దోశ తిన్నాం. మా ఆవిడ చట్నీ రెండోసారి అడిగి వేయించుకుంది.

“మనిద్దరికీ సర్వీసు రాదండి” అంది.

రాదని నేనూ ఒప్పుకున్నాను. ఇంటికి వస్తూ దారిలో ఒక బుట్టెడు బంతులు కొన్నాం. ఇప్పుడు పొద్దున ముందు ఆమె సర్వీసు చేస్తుంది, నేను ఏరుతాను. తర్వాత నేను చేస్తాను, ఆమె ఏరుతుంది. గేములు ఆదివారం ఒక్కరోజే.